మైదాకు వేలి మీది అంకె

రెండు వేల ఇరవై ఒకటి ఏప్రిల్‌లో, పదవీ విరమణకు ఏడాది మిగిలి ఉండగా, కరీంనగర్ వైపు ఒక సర్కారు దవాఖానలో కోవిడ్ సోకిన గర్భిణుల వార్డుకు నన్ను ఇన్‌చార్జిగా వేశారు. అప్పటికి నాది సివిల్ సర్జన్ హోదా. సర్కారు వైద్యంలో సివిల్ అసిస్టెంట్ సర్జన్‌గా చేరి, డిప్యూటీ మీదుగా ఆ మెట్టు ఎక్కేసరికి జుట్టు నెరిసిపోతుంది. పేరులో సర్జన్ అని ఉన్నా నేను కత్తి పట్టినదాన్ని కాను. నాది మత్తు వైద్యం. రోగిని నిద్రపుచ్చి మేమూ ఓ కునుకు తీస్తామని సర్జన్లు మమ్మల్ని ఎగతాళి చేసేవారు. ఆ వేసవిలో మాత్రం ఆ మాట ఎవరి నోటా వినలేదు. ఊపిరి ఆడనివాళ్ళకు ఊపిరి ఆడించడం మా రోజువారీ పని కాబట్టి ప్రతి వార్డువాళ్ళూ మా కోసం కబురు పంపేవారు.

గర్భిణులకు విడిగా వార్డు ఎందుకని చాలామంది అడిగేవారు. నెలలు నిండేకొద్దీ గర్భం పైకి పెరిగి, ఊపిరితిత్తుల కింద ఉండే కండరాన్ని పైకి నెడుతుంది. గాలికి చోటు తగ్గుతుంది, అవసరమేమో పెరుగుతుంది. ఇద్దరి కోసం ఒకరే ఊపిరి తీయాలి. అందుకే ఇంట్లో అందరికీ సోకిన జ్వరమే వాళ్ళ దగ్గరికి వచ్చేసరికి న్యుమోనియాగా ముదురుతుంది. స్వైన్ ఫ్లూ తిరిగిన చలికాలాల్లోనూ నేను ఇదే చూశాను. వైరస్ పేరు మారిందే గాని అది చేసే పని మారలేదు. ఇలాంటి వైరస్‌లు కడుపులోని బిడ్డను నేరుగా పట్టుకోవడం అరుదు. తల్లి రక్తంలో ఆక్సిజన్ తగ్గితే మాత్రం బిడ్డకు అందేదీ తగ్గుతుంది, నెలలు నిండకముందే కాన్పు చెయ్యవలసి వస్తుంది. కాబట్టి మామూలు రోగికి తొంభై రెండు ఉన్నా కాస్త ఊరుకునే మేము, గర్భిణికి తొంభై అయిదు కంటే తగ్గిందంటే కుర్చీలోంచి లేచేవాళ్ళం. ఆ అంకె చెప్పేది వేలికి పెట్టే చిన్న క్లిప్పు, ఆక్సిమీటర్. అది వేలి గుండా ఎర్రని వెలుతురు పంపి, రక్తంలో ఆక్సిజన్ ఏపాటి ఉందో లెక్కగడుతుంది. ఆ ఏడాది థర్మామీటర్ లేని ఇళ్ళలో కూడా ఆక్సిమీటర్ ఉండేది.

మమత మే నెలాఖరులో ఒక మధ్యాహ్నం వచ్చింది. మరమగ్గాల ఊరి పిల్ల. మా వైపు మరమగ్గాలను సాంచలంటారు. భర్త అనిల్ సాంచలు నడుపుతాడు. ఆమె ఇంట్లో కండెలు చుడుతుంది, అంటే మగ్గంలో అడ్డంగా నడిచే నూలును చిన్న చిన్న గొట్టాలకు ఎక్కిస్తుంది. తొలి కాన్పు, ఎనిమిదో నెల. పొద్దుటి నుంచి బిడ్డ కదలడం లేదని అంబులెన్సులో తీసుకొచ్చారు. స్ట్రెచర్ తెప్పిస్తే వద్దని తనే నడిచి వచ్చి మంచం మీద కూర్చుంది. పెదవుల రంగు నాకు నచ్చలేదు. ముఖం మాత్రం నవ్వుతూనే ఉంది.

“నాకేం గాలె మేడం. దమ్ము గూడ అస్తలేదు. బిడ్డ కదుల్తలేదని వీళ్ళే పరేషాన్ అయితున్నరు” అంది.

దమ్ము రావడమంటే మా వైపు ఆయాసం. ఈ వైరస్‌లో అదో మాయ. ఆక్సిజన్ పడిపోతున్నా కొందరికి ఆయాసం తెలియదు, కబుర్లు చెబుతూనే ఉంటారు. మా హెడ్ నర్సు పుష్ప సిస్టర్ ఆమె చేయి అందుకుంది. పది వేళ్ళకూ మైదాకు. గోరింటాకును మేము మైదాకంటాం. వేళ్ళ కొసలకు టోపీలు తొడిగినట్టు ముద్దగా పెట్టి, రాత్రంతా ఉంచి, ఎర్రగా పండించినది. సిస్టర్ క్లిప్పు పెట్టింది. ఎనభై అయిదు.

వార్డు తలుపు దగ్గర నిలబడ్డ అనిల్ అక్కడి నుంచే చెప్పాడు. “మైదాకు మేడం. మైదాకున్న వేలికి మిషన్ తప్పు సూపిస్తది. ఇంటికాడ గూడ గట్లనే సూపెట్టింది.”

నేను అతనితో వాదించలేదు. ఆమె చెవి కమ్మ తీయించి, ఆ తమ్మెకు క్లిప్పు పెట్టించాను. చెవికి మైదాకు ఉండదు కదా. ఎనభై నాలుగు. మణికట్టు దగ్గర ధమని నుంచి రక్తం తీసి పరీక్షకు పంపాం. అదే ఖాయమైన పరీక్ష. అదీ అదే మాట చెప్పింది. ఆక్సిజన్ పెట్టి, ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టాం. బిడ్డ గుండె చప్పుడు వినిపించింది గాని, ఉండవలసినంత హుషారుగా లేదు.

ఇంట్లో ఏం జరిగిందో ఆ సాయంత్రం అనిల్ చెప్పాడు. తొలి కాన్పు తల్లిగారింట్లో జరగాలని ఆనవాయితీ. మమతకు తల్లి లేదు. ఆ లోటు తెలియనివ్వకూడదని అత్త రాజవ్వ తానే పూనుకుని, లాక్‌డౌన్ అని ఇంటివాళ్ళతోనే, ఏడో నెల చివర్లో శ్రీమంతం చేసింది. మైదాకు తనే కోసుకొచ్చి, రోట్లో నూరి, కోడలి చేతులకు తనే పెట్టింది. ఎర్రగా పండితే మొగుడికి ప్రేమెక్కువ అంటారు గనుక, పండిన చేతులు చూసి అనిల్‌ను అందరూ ఆటపట్టించారట. ఆ వారంలోనే ఇంట్లో అందరికీ జ్వరాలు వచ్చాయి. మిగతావాళ్ళవి తగ్గాయి. మమతకు దగ్గు మిగిలింది. సాంచల కాడ దగ్గు లేనోడెవడు, నూలు దుమ్ముకు అందరూ దగ్గేవాళ్ళే అనుకున్నారు.

అనిల్ అజాగ్రత్త మనిషి కాడు. వాళ్ళ వాడలో నాలుగిళ్ళకు కలిపి ఒక ఆక్సిమీటర్ ఉంటే అడిగి తెచ్చాడు. తనకు తొంభై ఎనిమిది వచ్చింది. తల్లికి తొంభై ఏడు. మమతకు తొంభై. అతనికి బుగులు పుట్టింది. రాజవ్వ కోడలి వేళ్ళు చూసి, “మైదాకున్నది గాదుర, గా ఎర్రటి వెలుగు ఎట్ల వోతది లోపలికి” అంది. ఆ మాట తెలివితక్కువ మాట కాదు. వెలుతురు వెళ్ళి చూసే యంత్రానికి రంగు అడ్డం వస్తుందనుకోవడంలో తర్కం ఉంది. వాడలో ఒక ఆర్‌ఎంపీ డాక్టరు ఫోన్లో అదే అన్నాడు. అనిల్ ఒక వేలిని నిమ్మచెక్కతో చాలాసేపు రుద్ది మళ్ళీ పెడితే తొంభై రెండు వచ్చింది. మైదాకు కాస్త పోయింది, అంకె కాస్త పెరిగింది. ఇంకేం కావాలి? మైదాకే కారణమని ఇంటిల్లిపాదీ తేల్చుకున్నారు. అంకె పెరిగింది మైదాకు పోయినందుకు కాదు. రుద్దితే వేలు వెచ్చబడి రక్తం బాగా ఆడింది, అంతే. ముంజేతి కంకణానికి అద్దమెందుకంటారు. ఈ అంకె వేలికొసనే కనబడుతున్నా ఎవరికీ నమ్మబుద్ధి కాలేదు. ఎందుకంటే నమ్మితే భయపడాలి. బిడ్డ కదలకపోయేదాకా అలాగే గడిపారు.

మా అనుభవంలో ఎర్రగా పండిన మైదాకు ఆ అంకెను పెద్దగా మార్చదు. నల్లగా పండాలని రంగు కలిపి అమ్మేవి, చిక్కని గోళ్ళ రంగు కొంత తికమక పెడతాయి. ఒకవేళ అనుమానమొస్తే చెవి ఉంది. ఆ ఒక్క సంగతి వాళ్ళకు చెప్పినవాళ్ళు లేరు.

రెండు రోజులు కాన్పు లేకుండా లాగాం. నెలలు నిండని బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడటానికి తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇస్తారు. అవి పనిచేయడానికి కొంత వ్యవధి కావాలి. ముక్కులో వెడల్పాటి గొట్టాలు పెట్టి, వెచ్చని తేమతో ఆక్సిజన్‌ను వేగంగా పంపే యంత్రం మీద ఆమెను ఉంచాం. అయినా అంకె జారుతూనే ఉంది. మూడో రోజు పొద్దున గైనిక్ డాక్టరూ నేనూ కూర్చుని, ఇక సిజేరియన్ చేసెయ్యాలని నిర్ణయించాం. కడుపు భారం తగ్గితే తల్లి ఊపిరికి కాస్త చోటు దొరకవచ్చు. బిడ్డకు బయటే నయం.

ఇక మత్తు ఎలా ఇవ్వాలన్నది నా పని. గొంతులో గొట్టం వేసి పూర్తిగా నిద్రపుచ్చడం ఒక దారి. వెన్నులో సూది ఇచ్చి, నడుము కిందనే మొద్దుబార్చి, మనిషిని మెలకువగా ఉంచడం ఇంకో దారి. గొట్టం వేస్తే ఊపిరి మన చేతిలో ఉంటుంది గాని, ఆ ఊపిరితిత్తులతో మళ్ళీ గొట్టం తీయగలమన్న హామీ లేదు. సంతకాలప్పుడు మమత మాస్కు లోపలి నుంచి మాటమాటకూ ఆగుతూ అడిగింది.

“నన్ను పండవెట్టకుండ్రి మేడం. ఒక్కసారి బిడ్డను సూస్త. గంతే.”

వెన్నులో సూదికే మొగ్గాను. వైద్యపరంగా అది సరైనదేనని ఇప్పటికీ అంటాను. ఆమె అడగకపోయినా అదే చేసేదాన్నా అంటే, చేసేదాన్నే. కాని ఆమె అడిగిందని సంతోషంగా చేశాను.

శ్రీమంతం నాటి ఆకుపచ్చ గాజులు రెండు చేతుల నిండా ఉన్నాయి. ఆపరేషన్‌కు గాజులు తీయడం నియమం. తీయరాకుండా బిగుసుకున్నవాటిని పగలగొట్టవలసి వస్తుంది. పెళ్ళయిన ఆడపిల్ల గాజులు పగలగొట్టడమంటే మా వైపు ఎవరి గుండే ఒప్పుకోదు. పుష్ప సిస్టర్ ఎప్పటిలాగే వాటిని మోచేతి దాకా జరిపి, గాజుగుడ్డ చుట్టి, ప్లాస్టర్ వేసింది. ఏ పుస్తకంలోనూ లేని పద్ధతి, ప్రతి సర్కారు దవాఖానలోనూ ఉన్న పద్ధతి.

ఆడపిల్ల పుట్టింది. పుట్టగానే ఏడవలేదు. పిల్లల డాక్టరు కాసేపు శ్రమపడ్డాక పిల్లి కూన గొంతుతో ఏడ్చింది. నియమం ప్రకారం బిడ్డను తల్లికి దూరంగా పట్టుకుని చూపించారు. మమత తల తిప్పి చూసింది.

“గోర్లు అచ్చినయా మేడం?” అని అడిగింది.

ఏ తల్లీ నన్ను ఆ ప్రశ్న అడగలేదు. కాళ్ళూ చేతులూ సరిగ్గా ఉన్నాయా అంటారు, రంగు అడుగుతారు. నేను వెళ్ళి చూసి వచ్చాను. పలచని పొరల్లా, వేలికొస దాకా ఉన్నాయి. “వచ్చినయమ్మా” అన్నాను. ఆమె కళ్ళతో నవ్వింది. “అయితె మైదాకు వెట్టొచ్చు. మిషన్ కాడికి మాత్రం తీస్కరాను, ఫికర్ చెయ్యకుండ్రి” అంది. అంత ఆయాసంలో కూడా నన్ను ఆటపట్టించింది. థియేటర్‌లో అందరం నవ్వాం.

ఆ సాయంత్రమే గొట్టం వెయ్యవలసి వచ్చింది. కడుపు భారం దిగినా ఊపిరితిత్తులు కోలుకోలేదు. వెంటిలేటర్ మీద బోర్లా పడుకోబెట్టాం. వెల్లకిలా కంటే బోర్లా ఉంటే ఊపిరితిత్తుల వెనక భాగానికి గాలి బాగా అందుతుంది. ఒక మనిషిని తీగలతో, గొట్టాలతో సహా బోర్లా తిప్పాలంటే అయిదారుగురు కావాలి, తల దగ్గర మత్తు డాక్టరు ఉండి లెక్క చెప్పాలి. రోజూ ఆమెను అలా తిప్పేవాళ్ళం. రోజూ అనిల్‌కు బయటికి వచ్చి చెప్పేదాన్ని. అతను ఒకటే అడిగేవాడు, నంబర్ ఎంతుంది మేడం అని. మొదట నమ్మని అంకెనే ఇప్పుడు దేవుడిలా పట్టుకున్నాడు.

బిడ్డ పిల్లల విభాగంలో ఉంది. వైరస్ పరీక్షలో ఏమీ లేదని తేలింది. నెలలు నిండని బలహీనతే తప్ప వేరే జబ్బు లేదు. కొన్నాళ్ళు ముక్కు దగ్గర గాలి సాయం పెట్టి, గొట్టంతో చుక్క చుక్క పాలు పట్టారు. బరువు మెల్లగా ఎక్కడం మొదలైంది. ఇక్కడ తల్లి తగ్గుతోంది.

ఒక పొద్దున పుష్ప సిస్టర్ మమత చేయి తుడుస్తూ నన్ను పిలిచి వేళ్ళు చూపించింది. గోళ్ళ మొదట్లో తెల్లగా కొత్త గోరు తొంగి చూస్తోంది. మైదాకు ముందుకు జరుగుతోంది. మనిషి కళ్ళు తెరవకపోయినా గోరు పెరుగుతూనే ఉంది. ఆ రోజు నుంచి మేమిద్దరం ఆ తెలుపునే చూసేవాళ్ళం. అది నువ్వుగింజంత అయ్యేసరికి మూత్రపిండాలు ఆగిపోయాయి. తరువాత గుండె.

పీపీఈ కిట్టు లోపల ఏడవకూడదు. కళ్ళద్దాలు మసకబారతాయి, తుడుచుకోవడానికి వీలుండదు, పక్క మంచం రోగి సంగతి ఎవరు చూస్తారు? కిట్టు విప్పాక బట్టలు మార్చుకునే గదిలో ఏడ్చాను. ముప్పై ఏళ్ళ పైచిలుకు సర్వీసులో ఎన్ని చావులు చూడలేదు! ఆ పిల్ల పోవడం మాత్రం నాకు సొంత మనిషి పోయినట్టే ఉంది. దేహాన్ని గుడ్డలో చుట్టేముందు పుష్ప సిస్టర్ గాజుల మీది ప్లాస్టర్ విప్పి, వాటిని మళ్ళీ మణికట్టుకు దింపి, నుదుట కుంకుమ పెట్టింది. దూరం నుంచి అద్దంలోంచి చూసిన రాజవ్వ నమస్కారం పెట్టింది.

బిడ్డను ఇంటికి పంపే రోజున రాజవ్వే వచ్చింది. అనిల్ బయట ఆటో దగ్గర ఉన్నాడు. పాలు ఎలా పట్టాలో, ఒంటికి ఒళ్ళు ఆనించి వెచ్చగా ఎలా ఉంచాలో నర్సు చెబితే తలూపుతూ విన్నది. అన్నీ అయ్యాక నా దగ్గరికి వచ్చింది.

“ఒక్క మాట అడుగుత మేడం, నిజం చెప్పుండ్రి. మైదాకుతోటి మిషన్ తప్పు సూపిచ్చిందా, నిజమే సూపిచ్చిందా?”

ఆమె వెనక నిలబడ్డ పుష్ప సిస్టర్ నాకు వద్దని సైగ చేసింది. తప్పు చూపించిందని ఒక్క మాటంటే ఆ ముసలి ప్రాణం కుదుటపడుతుంది. తన మాట నమ్మినందుకు కోడలు పోలేదు, యంత్రమే మోసం చేసిందనుకుని బతుకుతుంది. నాలిక చివరి దాకా వచ్చింది ఆ అబద్ధం. కాని ఆ ఆక్సిమీటర్ నాలుగిళ్ళదనీ, ఆ వాడలో ఇంకా కడుపుతో ఉన్న ఆడపిల్లలున్నారనీ అనిల్ చెప్పిన మాట నాకు గుర్తుంది. నేను అబద్ధమాడితే, డాక్టరమ్మే చెప్పిందని ఆ అబద్ధం నాలుగిళ్ళకూ పోతుంది.

“జబ్బు తెచ్చింది మైదాకు కాదు రాజవ్వా. నీది తప్పనీ అనను, ఎవరికైనా అట్లనే అనిపిస్తది. మిషన్ మాత్రం నిజమే చూపించింది” అన్నాను.

ఆమె ఏడవలేదు. బిడ్డను ఇంకాస్త దగ్గరికి పొదువుకుని, “ముందుగాల వస్తె బతికేదా?” అంది. బతికేదేమో అన్నాను. అంతకంటే నాకూ తెలియదు. “మరి గప్పుడు ఏడ వెట్టాలె మేడం, మైదాకుంటె?” అని అడిగింది. చెవి తమ్మె చూపించాను. తన చెవి తమ్మెను రెండు వేళ్ళతో పట్టుకుని చూసుకుంది. పోయొస్త మేడం అని వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచి పుష్ప సిస్టర్ నాతో పని మాటలు తప్ప మాట్లాడడం మానేసింది. కొన్నాళ్ళకు అదే వాడ నుంచి ఇంకో గర్భిణి వచ్చింది. కొంచెం జ్వరం, దగ్గు, అంకె తొంభై మూడు. ఎందుకు వచ్చావమ్మా, ఎవరు పంపారు అని సిస్టర్ అడిగితే, “రాజవ్వ ఊకోలేదు సిస్టర్. చెవికి వెట్టి సూసింది. గడియ గూడ ఆగనియ్యలేదు, ఆటో మాట్లాడి ఎక్కిచ్చింది” అంది. ఆక్సిజన్ మీద కొన్ని రోజులుంచి ఇంటికి పంపాం. నెలలు నిండాక సుఖంగా కాన్పయింది. ఆమెను ఇంటికి పంపిన రోజునే పుష్ప సిస్టర్ నా ముందు టీ గ్లాసు పెట్టింది. అంతే, మళ్ళీ మాటలు కలిశాయి.

ఆ వేసవిలో గర్భిణులకు టీకాకు ఇంకా అనుమతి లేదు. ఆ తరువాత వచ్చింది. ఫ్లూకైతే గర్భిణులకు టీకా ముందు నుంచే ఉంది, చలికాలానికి ముందే వేయించుకోమని అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెబుతాను. రిటైరయ్యాక చెప్పగలిగింది అంతే.

ఆ ఒక్క కేసు నాకు నేర్పింది చిన్నదే. తక్కువ అంకె కనబడినప్పుడు మనిషి మనసు ముందుగా వెతికేది కారణం కాదు, సాకు. చదువుకున్నవాళ్ళం బ్యాటరీ అయిపోయిందంటాం, చెయ్యి చల్లగా ఉందంటాం. వాళ్ళు మైదాకన్నారు. సాకు ఎంత తెలివిగా ఉంటే అంత ప్రమాదం. ముందు ఆక్సిజన్ పెట్టాలి, తరువాత కారణం వెతకాలి. నా తరువాత ఆ వార్డుకు వచ్చినవాళ్ళకు ఇదే చెప్పి వచ్చాను. మైదాకు మానమని మాత్రం ఎవరికీ చెప్పలేదు.

మొన్న ఆషాఢంలో అనిల్ ఫోన్ చేశాడు. పాప బాగుందట, బడికి పోతానని పేచీ పెడుతోందట. మైదాకు పెట్టారా అని అడిగాను. వాడలో పిల్లలందరి చేతులూ ఎర్రగా పండాయట. రాజవ్వ మాత్రం తన మనవరాలికి ఇంతవరకు పెట్టలేదు.